సేవ్ నొక్కితే తెలుస్తది

రండి, కూర్చోండి. చాయ్ పొయ్యి మీదుంది, వచ్చేలోపు ఒక ముచ్చట పెట్టుకుందాం. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఫోన్ ముందు పెట్టుకుని ఏదో ఒకటి రికార్డు చేస్తూనే ఉంటారు కదా? మా ఆలూర్‌లో అయితే అదొక పనైపోయింది. ఒకాయన పసుపు విత్తనశుద్ధి నుంచి పాలిష్ డ్రమ్ము దాకా యూట్యూబ్‌లో చెబుతాడు. ఇంకొకాయన ఆటోకు మైకు కట్టి ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతూ బట్టల దుకాణం ఆఫర్లూ, బడుల్లో అడ్మిషన్లూ చాటుతాడు. సార్లు పాఠాలు రికార్డు చేసి పిల్లల గ్రూపుల్లో పెడతారు. బతుకమ్మ పండుగ దగ్గరపడితే ఆడపిల్లలు అమ్మమ్మల చేత పాడించి పట్టుకుంటారు. వీళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు అడిగేది ఒకటే: రికార్డు చేసుకోవడానికీ, కత్తిరించి అతికించుకోవడానికీ పైసల్లేకుండా దొరికేది ఏది మంచిది?

ఒక్క ముక్కలో చెప్పమంటే ఆడాసిటీ అంటాను. అంతేనా అని లేవకండి, చాయ్ ఇంకా కాలేదు. ఆ పేరు దాకా ఎట్లా వచ్చానో చెబితే, రేపు అంతకంటే మంచిది ఇంకోటి వచ్చినా మీరే పట్టుకోగలరు.

వరసకు అల్లుడయ్యే పిల్లవాడొకడున్నాడు. పసుపు ఉడకబెట్టి ఆరబోసే పద్ధతి మీద కల్లం కాడ నిలబడి చాలాసేపు చెప్పాడు. ఆ మాటలన్నీ ఒక ఫోన్ యాప్‌లో పెట్టి, దగ్గులూ తడబాట్లూ తీసేసి, వెనక సన్నగా సంగీతం కూడా కలిపాడు. అంతా అయ్యాక సేవ్ నొక్కితే తెర మీద ధరల పట్టీ వచ్చింది. నెలకింత, ఏడాదికింత. "ఫ్రీ అని రాసి ఉండె గద మామా!" అని వాడి బాధ. ఫ్రీయేరా అల్లుడా, లోపలికి పోవడం ఫ్రీ. నీ గొంతు నువ్వు బయటికి తెచ్చుకోవడానికే పైసలు. యాప్ పేరెందుకు లెండి, ఆ బాపతువి బోలెడున్నాయి.

అందుకే నేను చివరి మెట్టు నుంచి మొదలుపెట్టమంటాను. కొత్తది ఏది దించుకున్నా ముందు పది సెకన్లు "ఒకటి, రెండు, మూడు" అని రికార్డు చేసి తిన్నగా సేవ్ దాకా పోండి. వేవ్ ఫైలుగానో, ఎంపీ3గానో ఇస్తోందా? ఖాతా తెరవమంటోందా? మధ్యలో తన పేరు తనే చాటుకుంటోందా? ఆ ఫైలును ఇంకొకరి ఫోన్‌లో వేస్తే పలుకుతోందా? ఇవన్నీ దాటినదాన్నే వాడాలి. బటన్లు అందంగా ఉన్నాయా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి.

ఉచితాల్లో రకాలున్నాయి మరి. రీపర్ గట్టి సరుకే, సంగీతం చేసేవాళ్లు ఒట్టేసి చెబుతారు. కానీ అది 60 రోజులు వాడి చూసుకోమని ఇచ్చేది, ఆపైన లైసెన్సు కొనాలి. ఆస్ట్రేలియాలోని ఎన్‌సీహెచ్ కంపెనీ ఇచ్చే వేవ్‌ప్యాడ్ ఉచితమే, అయితే వ్యాపారానికి కాకుండా సొంతానికి వాడుకునేవాళ్లకే. డబ్బు తీసుకుని ప్రకటన చదివే మా ఆటో మనిషికి అది చెల్లదు. ఓసెన్ఆడియో బ్రెజిల్‌లోని శాంటా కటరీనా ఫెడరల్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. పైసా అడగదు, తేలిగ్గా ఉంటుంది, పాత కంప్యూటర్ మీద కూడా చకచకా నడుస్తుంది. ఒకే ఒక గొంతు, నాలుగు కత్తిరింపులు అనుకుంటే ఆడాసిటీ కంటే ఇదే సుఖమని నేనే కొందరికి చెప్పాను. కాకపోతే దాని కోడ్ బయట పెట్టలేదు. వాళ్లు ఎప్పుడైనా చాలించుకుంటే అందుకుని నడిపేవాళ్లు ఉండరు. యాపిల్ కంప్యూటర్లో గ్యారేజ్‌బ్యాండ్ ఉచితంగా వస్తుంది గానీ, యాపిల్ కంప్యూటర్ కొన్నవాళ్లు నన్నెందుకు సలహా అడుగుతారు!

ఇక ఆడాసిటీ సంగతి. 1999లో అమెరికాలో, పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోనీ అనే విద్యార్థీ, రోజర్ డానెన్‌బర్గ్ అనే ప్రొఫెసరూ మొదలుపెట్టారు. 2000 మే నెలలో జనంలోకి వచ్చింది. కోడ్ అంతా జీపీఎల్ లైసెన్సు కింద బయటే ఉంది, ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. 2021లో దీన్ని మ్యూజ్ గ్రూప్ అనే సంస్థ చేతిలోకి తీసుకుంది. తీసుకున్న కొన్నాళ్లకే, వాడేవాళ్ల వివరాలు సేకరించే ఏర్పాటు పెడతామంది. జనం మీద పడితే వెనక్కి తగ్గింది. ఆ జులైలోనే ప్రైవసీ పాలసీలో 13 ఏళ్లలోపు పిల్లలు వాడొద్దని రాసి మళ్లీ చివాట్లు తిని, ఆ రాతనూ సరిచేసుకుంది. అప్పట్లో పేపర్లలో స్పైవేర్ అన్న మాట చూసి దీన్ని తీసి అవతల పారేసినవాళ్లు నాకు తెలుసు. నాకు అంత దడ పుట్టలేదు. గొడవ ఇంకా నడుస్తుండగానే కొందరు అదే కోడ్ తీసుకుని టెనాసిటీ అని వేరు కుంపటి పెట్టేశారు. యజమాని మాట తప్పితే వేరుపడే హక్కు వాడేవాళ్లకు ఉండాలి. అది ఇక్కడ ఉంది, ఓసెన్ఆడియోలో లేదు. హైదరాబాద్ నుంచి స్వేచ్ఛ సంస్థవాళ్లు తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ చేస్తూ ఏళ్ల తరబడి చెబుతున్నది కూడా ఈ మాటే. మనం రికార్డు చేసేటప్పుడు నెట్ ఆపేసినా ఆడాసిటీ హాయిగా నడుస్తుంది, అది కూడా గుర్తుంచుకోండి.

దించుకునేటప్పుడు ఆడాసిటీటీమ్ డాట్ ఆర్గ్ అన్న వాళ్ల సొంత చోటు నుంచే దించుకోండి. వెతికితే పైన కనిపించే మొదటిది నొక్కే అలవాటు మనకుంది, అక్కడే కొంప మునుగుతుంది. ఫోన్‌కు ఆడాసిటీ లేదు. ఆ పేరుతో ప్లేస్టోర్‌లో ఏదన్నా కనిపిస్తే అది వీళ్లది కాదు.

"మరి నా దగ్గర ఉన్నదే ఫోన్" అంటారా? ఫోన్‌తో రికార్డు చేయండి, కంప్యూటర్‌లో కత్తిరించండి. ఇప్పటి ఫోన్ మైకు మాటకు బాగానే సరిపోతుంది. ఫోన్‌లో మొదట్నుంచే ఉన్న రికార్డర్ చాలు, ఇంకోటి దించక్కర్లేదు. అయితే ఇక్కడ ఒక చిక్కుంది. చాలా ఫోన్లు ఎం4ఏ ఫైలు ఇస్తాయి. దాన్ని విండోస్‌లో ఆడాసిటీలో వేస్తే తెరుచుకోదు, పాడైపోయిందేమో అనుకుంటారు. పాడవ్వలేదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఇంకో ఉచిత సరంజామా పెట్టుకోవాలి, అది ఉంటే తెరుచుకుంటుంది. అంత తలనొప్పి వద్దంటే ఫోన్ రికార్డర్ సెట్టింగ్స్‌లోకి పోయి వేవ్ అన్నది ఉందేమో చూసి పెట్టుకోండి. ఉట్టి రికార్డింగే చాలంటే విండోస్‌తో వచ్చే సౌండ్ రికార్డరే ఎక్కువ, ఆడాసిటీ దాకా కూడా పోవద్దు.

ఇంకొక గండం ఉంది, చాలామంది అందులో పడతారు. ఆడాసిటీలో "సేవ్ ప్రాజెక్ట్" అని ఉంటుంది. అది నొక్కి ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మైకు షాపుకు పోతారు. అక్కడది పలకదు. ప్రాజెక్టు ఫైలు ఆడాసిటీ తన కోసం రాసుకునే లెక్క, ఇంకెవరికీ అర్థం కాదు. పాత రోజుల్లో ఇంకా ఘోరంగా ఉండేది. ఏయూపీ అని ఒక చిన్న ఫైలు, దాని పక్కన అసలు ధ్వని అంతా ముక్కలుగా ఉన్న ఒక ఫోల్డర్. చిన్న ఫైలొక్కటే పట్టుకుపోయి, ఇంటి కంప్యూటర్ ఫార్మాట్ కొట్టించుకుని, మొత్తం పోగొట్టుకున్నవాళ్లున్నారు. 2021 మార్చిలో 3.0 వచ్చాక అంతా ఏయూపీ3 అనే ఒకే ఫైలులోకి చేరింది, ఆ బెడద తప్పింది. అయినా నా మాట విని ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్‌కు పోండి. దాచుకోవడానికి వేవ్, పంచుకోవడానికి ఎంపీ3. ఒక్క గొంతు కాబట్టి మోనో చాలు. వేవ్ అయితే నిమిషానికి 5 ఎంబీ దాకా వస్తుంది, 128 కేబీపీఎస్ మీద ఎంపీ3 చేస్తే నిమిషానికి 1 ఎంబీ. ఎంపీ3 పేటెంట్ల గోల కూడా 2017లో తీరిపోయింది. అంతకుముందు ఆడాసిటీలో ఎంపీ3 చేయాలంటే లేమ్ అని ఇంకోటి విడిగా తెచ్చి తగిలించుకోవాల్సి వచ్చేది, ఇప్పుడు లోపలే ఉంది.

చాయ్ వచ్చింది, తీసుకోండి. ఇప్పుడు అసలు పనిలోకి పోదాం.

మా పెద్దమ్మ బతుకమ్మ పాటలు బాగా పాడుతుంది. వంటింట్లో కూర్చోబెట్టి రికార్డు చేస్తే స్టీలు గిన్నెలకూ, నున్నటి గోడలకూ తగిలి గొంతు గంట మోగినట్టు వస్తుంది. అదే పరుపులూ, చద్దర్లూ, బట్టల మూటలూ ఉన్న లోపలి గదిలో పాడిస్తే మెత్తగా, దగ్గరగా వినిపిస్తుంది. ఏ సాఫ్ట్‌వేరూ వంటింటి గొంతును ఈ గది గొంతుగా మార్చలేదు. ఫ్యాన్ ఆపాలి. ఫ్రిజ్ చప్పుడు వినిపిస్తుంటే కాసేపు దాన్నీ ఆపాలి. లాప్‌టాప్‌తో రికార్డు చేస్తుంటే చార్జర్ పీకేయాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే ఆ గుయ్యిమనే చప్పుడు వైరు వెంటే మైకులోకి వచ్చి కూర్చుంటుంది.

ఫోన్‌ను మూతికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు పెట్టాను. తిన్నగా ఎదురుగా పెడితే "ప", "బ" అన్నప్పుడల్లా గాలి కొట్టి డబ్‌మంటుంది. పాట మొదలైంది, గొంతుకు అంతా సరిగ్గానే ఉంది. కానీ బతుకమ్మ పాట చప్పట్లు లేకుండా నడుస్తుందా? పెద్దమ్మ చేతులు ఊరుకోవు. ఆడాసిటీలో తెరిచి చూస్తే గొంతు గీత మధ్యలో బుద్ధిగా ఉంది గానీ, చప్పట్లు పడ్డ చోటల్లా గీత పైకి లేచి అంచుకు తగిలి బల్లపరుపుగా తెగిపోయింది. ఆ తెగిన భాగం ఇక రాదు. ధ్వని తగ్గించినా తెగింది తెగినట్టే చిన్నదవుతుంది. కాబట్టి బతుకమ్మ పాటకు లెవెల్ చప్పట్లను చూసి పెట్టుకోవాలి. మీటరులో చప్పట్లు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకుంటే గొంతు దానంతటదే కింద సర్దుకుంటుంది. తక్కువైతే తర్వాత పెంచుకోవచ్చు. నేను ఫోన్‌ను చేతులకు దూరంగా, తలకు ఇంచుమించు సమంగా ఒక షెల్ఫు మీదికి మార్చాను.

పాట మొదలుకాక ముందు ఐదు సెకన్లు ఎవరూ మాట్లాడకుండా రికార్డు నడవనివ్వండి. గది చప్పుడు అందులో పడుతుంది. ఆడాసిటీలో ఆ ఐదు సెకన్లను మౌస్‌తో పట్టుకుని, నాయిస్ రిడక్షన్‌లోకి పోయి, ముందు ఆ చప్పుడు నమూనా తీసుకోమని చెప్పాలి. తర్వాత మొత్తం పాటను పట్టుకుని అదే మెనూలోకి మళ్లీ పోయి ఓకే కొట్టాలి. ఎన్ని డెసిబెల్స్ తగ్గించాలో అక్కడ ఒక అంకె ఉంటుంది. నేను దాన్ని 6 దాటనివ్వను. ఎక్కువ తోమితే చప్పట్లలో ఉన్న ఆ ఠంగున మోగే గుణం పోయి, గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు తయారవుతుంది. కొంచెం గది చప్పుడు ఉండనివ్వండి, అది కూడా మన ఇల్లే కదా.

కత్తిరింపులో కూడా కొత్తవాళ్లకు చేయి దురద ఎక్కువ. ఊపిరి పీల్చిన ప్రతిచోటా కోసేస్తారు. అప్పుడు మనిషి ఊపిరి లేకుండా పాడుతున్నట్టుంటుంది, వినేవాళ్లకు ఆయాసం వస్తుంది. దగ్గు తీయండి, మధ్యలో మనవడు "అమ్మమ్మా, ఆకలి" అన్నది తీయండి, అది కూడా ఉంచితే బాగుంటుందేమో ఒకసారి ఆలోచించి తీయండి. కోసిన చోట టిక్కుమనకూడదంటే, ముక్కను పట్టుకున్నాక కోసే ముందే జెడ్ మీట నొక్కండి, అంచులు గీత సున్నాను దాటే చోటికి జరుగుతాయి, ఆ టిక్కు రాదు. పాడైతే కంట్రోల్ జెడ్ ఉండనే ఉంది.

వినిపిస్తే పెద్దమ్మ ఏమందో తెలుసా? "గిది నా గొంతు గాదు, ఎవల్దో పెట్టినవ్." అందరూ ఇట్లాగే అంటారు. మనం మాట్లాడేటప్పుడు మన గొంతు గాలిలోంచే కాక పుర్రె ఎముకల గుండా కూడా చెవికి చేరుతుంది, అందుకే మన చెవికి మనది బరువుగా, గంభీరంగా వినిపిస్తుంది. మైకుకు మన ఎముకలతో పనిలేదు. ఊరంతా ఇన్నేళ్లుగా విన్నది ఆ పలచటి గొంతునే. ఆ మాట చెబితే పెద్దమ్మ నమ్మలేదు, ఇంకో పాట మాత్రం పాడింది.

ఇదంతా పల్లెటూరి సరదా అనుకునేవాళ్లు జహీరాబాద్ దిక్కు ఒకసారి చూడాలి. అక్కడ మాచునూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు సంఘం రేడియో పెట్టుకున్నారు. లైసెన్సు రాకముందు ఏళ్ల తరబడి వాళ్లు పాటలూ, విత్తనాల ముచ్చట్లూ, మందుమొక్కల సంగతులూ టేపుల మీద రికార్డు చేసి సంఘం కూటాల్లో వినిపించుకునేవాళ్లు. 2008 అక్టోబర్ 15న రేడియో గాల్లోకి వచ్చింది. గాలి తరంగాలు ప్రజల సొత్తని 1995లో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.బి. సావంత్ వచ్చి ప్రారంభించారు. ఆ రేడియో నడిపిన జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ పేర్లు దేశమంతా తెలిశాయి. చేతిలో ఏ మెషిన్ ఉంది అన్నదానికంటే ఏం పట్టుకోవాలో వాళ్లకు తెలుసు. పట్టుకోకపోతే ఏం పోతుందో కూడా చూడండి. మా జిల్లాకే పేరు తెచ్చిన చిందు యక్షగాన కళాకారిణి చిందు ఎల్లమ్మ 2005లో కన్నుమూసింది. అప్పటికే ఆడాసిటీ ఐదేళ్ల పిల్ల. ఆమెకైతే పేరు వచ్చింది, ఆమె వెంట ఆడిపాడినవాళ్లలో ఎందరి గొంతులు ఎక్కడైనా మిగిలాయో చెప్పండి చూద్దాం.

సరే, ఆటో మనిషి దగ్గరికి వద్దాం, ఆయనది వేరే లోకం. ఆయన ప్రకటనను ఇంట్లో హెడ్‌ఫోన్‌లో విని, గొంతు గంభీరంగా ఉండాలని బేస్ పెంచి తెచ్చాడు. ఆటో మీది హారన్ మైకులో పెడితే బురబుర తప్ప మాట లేదు. ఆ హారన్లు బరువు స్వరాలను పలకలేవు, మాట తెలిసే మధ్య స్వరాలనే దూరం విసురుతాయి. అందుకని హై పాస్ ఫిల్టర్ పెట్టి 300 హెర్ట్జ్ కింద ఉన్నది కోసేశాం. తర్వాత కంప్రెసర్ వేసి గట్టి మాటకూ, మెల్లటి మాటకూ తేడా తగ్గించాం. ఇంట్లో వింటే డబ్బాలో రాళ్లు వేసి ఊపినట్టుంది. ఆర్మూర్ అంగడిలో మాత్రం ఒక్కో అక్షరం విడివిడిగా వినిపించింది. రెండు ప్రకటనల మధ్య కొంచెం ఖాళీ ఉంచమన్నాను, ఉంచలేదు, డబ్బిచ్చినవాళ్లు ఒప్పుకోరట. ఆడాసిటీలో చేసినదాన్ని అమ్ముకోవచ్చా అని అడిగాడు. నిక్షేపంలా అమ్ముకోవచ్చు, వాళ్లకు వాటా లేదు. వెనక వేసిన సినిమా పాట సంగతి మాత్రం పాట హక్కులున్నవాళ్లను అడుక్కోవాలి.

పోయే ముందు ఒక్కటి. మన దిక్కు దుబాయ్, మస్కట్, సౌదీ బాట పట్టినవాళ్లు లేని వాడ ఉండదు. ఫోన్ కాల్ ఖరీదైన రోజుల్లో కొందరు ఇక్కడి నుంచి క్యాసెట్‌లో మాట్లాడి, సెలవు మీద వచ్చి పోయేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు. అక్కడి నుంచి జవాబు కూడా క్యాసెట్‌లోనే వచ్చేది. మీ ఇంట్లో అటక మీద అట్లాంటిది ఉంటే కిందికి దించండి. బతికున్న టేపు రికార్డర్ ఒకటి సంపాదించి, దాని హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్ ఆడియో ఇన్‌పుట్‌కు వైరు కలిపితే చాలు, ఆడాసిటీలో ఆర్ మీట నొక్కి టేపు వేయడమే. కంప్యూటర్‌లో మైకు రంధ్రమొకటే ఉంటే టేపు సౌండు బాగా తగ్గించి మొదలుపెట్టండి, లేకపోతే అంతా చితికిపోయి వస్తుంది. 60 నిమిషాల క్యాసెట్‌కు 60 నిమిషాలూ పడుతుంది, తొందరపెట్టే బటన్ లేదు. ముందు రెండు కొసలకూ ఒకసారి తిప్పి వదులు తీయండి, అతుక్కున్న టేపు మధ్యలో తెగితే మళ్లీ దొరకదు. మొత్తం ఎక్కాక వెనక ఆ సుయ్యిమనే చప్పుడు వినగానే తీసేయాలనిపిస్తుంది. ఉన్నదున్నట్టుగా ఒక వేవ్ ఫైలు చేసి, దాని పేరులో ఎవరు, ఎవరికి, ఏ ఊరు, ఏ ఏడు రాసి, రెండు చోట్ల దాచిపెట్టండి. ఆ తర్వాత రెండో కాపీ మీద ఎన్ని ప్రయోగాలు చేసుకుంటారో మీ ఇష్టం. చాయ్ చల్లారింది, ఇంకో కప్పు పోయమంటారా?